పెన్సిల్ చుక్క

జనవరి 9

అన్నయ్యకి,

బాగున్నావా అని అడగను. అడిగితే "బాగున్నాను" అని ఒక్క ముక్క రాసి ఉత్తరం అయిపోయిందనిపిస్తావు. నీ ఫోన్ పాడై ఏడాదవుతోంది, ఇంకోటి తీసుకోమంటే వినవు. ఉన్నన్నాళ్ళూ మాత్రం ఏం మాట్లాడావులే. "ఊ", "సరే", "ఉంటా". అంతకంటే ఉత్తరమే నయం. ఖాళీ కాగితం పంపడానికి నీకు మొహమాటం కాబట్టి నాలుగు వాక్యాలైనా రాస్తావు.

నన్ను ఓటర్ల సెక్షన్‌కి మార్చారు. పాత సెక్షన్‌లో కిటికీ ఉండేది. ఇక్కడ బీరువాలే. ఎవరికి ఏ ఫైలు కావాలన్నా నేను లేచి కుర్చీ జరిపితే గానీ బీరువా తలుపు తెరుచుకోదు. రోజుకి ముప్పైసార్లు లేస్తున్నాను. ఇంటికొచ్చాక కూడా ఎవరైనా పిలిస్తే కుర్చీ జరుపుతున్నాను.

అసలు సంగతి. కొత్త రూలు వచ్చింది. నడవలేనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, బాగా పెద్దవాళ్ళు ముందే ఒక ఫారం ఇస్తే ముగ్గురు మనుషులు తాళం వేసిన పెట్టెతో ఇంటికే వస్తారు. చాటు కోసం అట్ట తెర కూడా తెస్తారు. ఇంట్లోనే ఓటు వేసేయొచ్చు. ఆ జాబితా రాయడం నా పని. ఎన్నికలు మార్చి 24న. అన్నీ పరుగులే, నిద్రలో కూడా పేర్లు రాస్తున్నాను.

నువ్వు ఈసారి ఓటుకి వెళ్తున్నావా? ఎలా వెళ్తావు? జవాబు రాయి. ఒక్క ముక్కలో కాదు.

నీ పిట్ట


జనవరి 17

పిట్టకి,

ఉత్తరం అందింది. బాగున్నాను.

చలి తగ్గింది. ఈ వారం రెండు స్టూళ్ళు, ఒక కిటికీ రెక్క, ఎదురింటి కుట్టు మిషనావిడ బల్ల కాలు. చిన్న రంపానికి ఆకురాయి పెట్టాను.

మీ బీరువా తలుపు బందులు ఊడదీసి అటువైపు బిగిస్తే రెక్క గోడవైపు తెరుచుకుంటుంది. నువ్వు లేవక్కర్లేదు. వడ్రంగి ఎవరికైనా చెప్పు, గంట పని.

ఓటు సంగతి అడిగావు. స్కూలు మెట్లు ఏడు. చూద్దాం.

అన్నయ్య


జనవరి 27

అన్నయ్యకి,

"చూద్దాం" అంటే నీ భాషలో "లేదు" అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. చిన్నప్పుడు చెక్క గుర్రం చేసిపెట్టమంటే "చూద్దాం" అన్నావు. ఆ గుర్రాన్ని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

నాకు కోపం రావట్లేదు. నువ్వు పనిలో ఉండగా ఒక ఇంటి కప్పు మీద నుంచి పడి పదకొండేళ్ళయింది. అప్పటి నుంచి ఎవర్నీ ఏదీ అడగలేదు. సైకిల్ చక్రాలతో కుర్చీ నువ్వే చేసుకున్నావు, నీ గది గడప నువ్వే కోసేసుకున్నావు. కానీ స్కూలు మెట్లు కోసేయలేవు కదా. పోయిన ఎన్నికలప్పుడు నలుగురు ఎత్తుకెళ్ళారని కుట్టు మిషనావిడ చెప్పింది. ఓటింగ్ అయిపోయిందని నువ్వు మెసేజ్ రాశావు. ఆ సంతోషం నాకింకా గుర్తుంది. ఈసారి ఆ అవస్థ వద్దు.

దీంతో మూడు కాగితాలు పంపుతున్నాను. మొదటిది నీ భత్యం కొనసాగించడానికి. రెండోది అడ్రస్ మారలేదని. మూడోదేంటో తర్వాత చెప్తాను, ఇప్పుడు చెబితే వద్దంటావు. మూడింటి మీదా పెన్సిల్‌తో చుక్క పెట్టాను. చుక్క ఉన్నచోట సంతకం పెట్టి పంపెయ్, అంతే.

చుక్క అంటే గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు, నీకు పదహారు. నేను బడి నుంచొచ్చి నీ పేరు చుక్కలతో రాస్తే నువ్వు నాలిక బయటపెట్టి వాటి మీద దిద్దేవాడివి. పని మీద నుంచి వచ్చిన చేతులు, కాగితమంతా రంపపు పొట్టు. "టీచరమ్మా, ఇది సున్నానా, కోడిగుడ్డా?" అని ఏడిపించేవాడివి. అప్పట్లో మాట్లాడేవాడివి అన్నయ్యా.

నీ పిట్ట


ఫిబ్రవరి 5

పిట్టకి,

మూడు చుక్కల మీదా సంతకం పెట్టాను. కాగితాలు దీంతో పంపుతున్నాను.

ఎండ ముదురుతోంది. పాత టేకు తలుపులు రెండు జతలు దొరికాయి. చెద లేదు. మేకులు పీకడానికే రెండు రోజులు పట్టింది.

మీ ఆఫీసులో కట్టడాల రూళ్ళ పుస్తకం ఉంటుందా? చక్రాల బండి ఎక్కే ర్యాంపుకి ఒక అంగుళం ఎత్తుకి ఎన్ని అంగుళాల పొడవు ఉండాలో చూసి రాయి. ఒక పని కోసం.

అన్నయ్య


ఫిబ్రవరి 15

అన్నయ్యకి,

ఒకటికి పన్నెండు. కట్టడాల సెక్షన్ గుమాస్తా పుస్తకం దుమ్ము దులిపి మరీ చూపించాడు. ఎవరి పని అది? గోదాములో సరుకు ఎక్కించడానికా? నువ్వు ఒక మాటకి రెండో మాట కలపవు కాబట్టి మిగతాది నేనే ఊహించుకోవాలి. ఏదో పెద్ద పనే ఒప్పుకున్నావని సంతోషంగా ఉంది.

ఇక నా సంగతి. జాబితాలో అరవై రెండు పేర్లు ఎక్కాయి. ఒకావిడ ఆరేళ్ళుగా మంచం దిగలేదు. మా వాళ్ళు ఫారం పట్టుకెళ్తే "నా పేరు ఇంకా ఉందా బాబూ అందులో?" అని మూడుసార్లు అడిగిందట. ఉందమ్మా అంటే దుప్పటి సర్దుకుని, జుట్టు సరిచేసుకుని అప్పుడు సంతకం పెట్టిందట. అది వినగానే లేచి బీరువా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఏడుపొస్తే నిలబడటానికి ఆ బీరువాలు పనికొస్తాయి.

మా సెక్షన్ ఆఫీసర్ గారు మాత్రం పెదవి విరుస్తారు. "ఓటు గుమ్మంలోకొస్తే మనిషి గుమ్మం దాటడం మానేస్తాడమ్మా. అప్పుడు బడికి ర్యాంపెవరు కడతారు, రోడ్డెవరు వేస్తారు? అందరికీ ఇంటికే పంపేశాం కదా అంటారు" అని. నేను ఊరుకుంటానా? "మీకు కాళ్ళున్నాయి కాబట్టి ఎన్నైనా చెప్తారు సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని "ఎవరైనా ఉన్నారా మీ ఇంట్లో?" అని అడిగారు. మా అన్నయ్య అన్నాను.

నా రిజిస్టర్లో మొదటి నంబరు ఎవరిదో చెప్పను. చూద్దాం.

నీ పిట్ట


మార్చి 5

పిట్టకి,

ఒకటికి పన్నెండు అందింది.

నేను కట్టాల్సిన చోట ఎత్తు నలభై రెండు అంగుళాలు. అంటే నలభై రెండు అడుగుల పొడవు. అక్కడ గేటు దాకా ఉన్నది ముప్పై. అందుకని ఇరవై ఒక్క అడుగులు అటు వెళ్ళి, మళ్ళీ తిరిగి ఇరవై ఒక్క అడుగులు వెనక్కి రావాలి. మలుపు దగ్గర చదునుగా ఐదడుగులు వదలాలి. అది మీ పుస్తకంలో ఉందా? లేకపోతే రాయించు. మలుపులో చదును లేకపోతే కుర్చీ వెనక్కి జారుతుంది. నేను రెండుసార్లు జారి చూశాను.

రోజూ ఎనిమిదింటికి వెళ్ళి ఐదింటికి వస్తున్నాను. అరచేతులు కాయలు కాశాయి. ఆకలి బాగా వేస్తోంది.

నిన్న నేను లేనప్పుడు ముగ్గురు మనుషులు ఒక పెట్టె పట్టుకుని వచ్చారట. కుట్టు మిషనావిడ చెప్పింది. తాళం పాడైందేమో, బాగుచేయించడానికి వచ్చి ఉంటారు. మళ్ళీ వస్తామన్నారట. ఇప్పుడు పెట్టెలు చూసే తీరిక లేదు.

అన్నయ్య


మార్చి 9

అన్నయ్యకి,

ఆ పెట్టె బాగుచేయించడానికి కాదు! అది ఓటు పెట్టె!

ఇప్పుడే నీ ఉత్తరం అందింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నువ్వు సంతకం పెట్టిన మూడో కాగితం ఇంటి దగ్గర ఓటు ఫారం. నా రిజిస్టర్లో మొదటి నంబరు నీదే. వాళ్ళు గుమ్మంలోకి వచ్చాక నీ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ రెండు నెలలు గడిపాను. నువ్వేమో పగలంతా గోదాముల చుట్టూ తిరుగుతున్నావు. పదకొండేళ్ళు ఇంట్లో ఉన్నవాడివి ఈ రెండు వారాలు ఉండలేకపోయావా?

వాళ్ళు మార్చి 11న పది నుంచి పన్నెండు లోపు మళ్ళీ వస్తారు. రెండోసారీ మనిషి లేకపోతే ఇక రారు. అంతేకాదు, జాబితాలో నీ పేరు పక్కన గుర్తు పడిపోయింది, స్కూల్లో కూడా నీకు ఓటు ఇవ్వరు. 11న కదలకు, నీకు దండం పెడతాను.

ఈ ఉత్తరం టైముకి చేరుతుందో లేదోనని కుట్టు మిషనావిడకి ఫోన్ కూడా చేశాను. ఓటు అని చెప్పలేదు. ఆవిడకి చెబితే మైకులో చెప్పినట్టే, వీధంతా నీ గుమ్మం ముందు నిలబడుతుంది, నీకు నచ్చదు. అందుకని "పెట్టె తెచ్చినవాళ్ళు పదకొండున మళ్ళీ వస్తారు, అన్నయ్యని ఇంట్లో ఉండమనండి" అని మాత్రం చెప్పాను. ఆవిడ "అలాగేనమ్మా, నువ్వు చిక్కిపోయావా?" అంది. ఫోన్‌లో ఎలా కనిపించానో.

పిట్ట


మార్చి 13

పిట్టకి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. వాళ్ళు మొన్న వచ్చి వెళ్ళిపోయారు.

కుట్టు మిషనావిడ నీ మాట చెప్పింది. ఫారం ఇచ్చినవాళ్ళ ఇంటికే ఓటు పెట్టె వస్తుందని రాశావు, నేనివ్వలేదు కదా, అది తట్టలేదు. నువ్వేదో బేరం పంపావనుకున్నాను. పదకొండున వెల్డింగు మనిషి వచ్చే రోజు, వాడు దొరకడమే కష్టం. అందుకని "పెట్టె ఇక్కడ పెట్టి వెళ్ళమనండి, తాళంచెవి కూడా ఇచ్చి వెళ్ళమనండి, చూసి పెడతాను" అని ఆవిడతో చెప్పి వెళ్ళాను. ఆవిడ ఉన్నదున్నట్టు వాళ్ళకి చెప్పింది. వాళ్ళలో పెద్దాయన "తాళంచెవి ఇవ్వాలా? ఇది ఏమనుకుంటున్నారమ్మా?" అని ఎగిరిపడ్డాడట. ఆవిడ కూడా తగ్గలేదు. "ఏదైతే నాకేంటి, ఆయన చేతిలో పడితే ఎంత పాత పెట్టె అయినా కొత్తదవుతుంది" అందట.

నేను ర్యాంపు కట్టింది గోదాముకి కాదు. స్కూలుకి.

ఐదేళ్ళ కిందటి సంగతి నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నలుగురు నన్ను కుర్చీతో సహా ఎత్తారు. మంచివాళ్ళే. "ఎత్తండెత్తండి, గోడకి తగలకుండా, వెనకవైపు కాస్త పైకి" అంటున్నారు. ఆ మాటలు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు బీరువాలు ఎక్కించేటప్పుడు నేను అన్న మాటలే. నాలుగో మెట్టు మీద ఒకాయన కాలు జారింది. కుర్చీ ఒరిగింది. నేను కటకటాలు పట్టుకుని వేలాడాను. బట్టలు చెదిరిపోయాయి. లైన్లో ఉన్నవాళ్ళు నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. అందరూ తల పక్కకి తిప్పుకున్నారు. నేను దించేయమన్నాను. ఇంటికి వచ్చేశాను. ఆ రోజు నా పుస్తకంలో "ఓటింగ్ అయిపోయింది" అని రాసుకున్నాను. నీకూ అదే రాశాను. నేను వేశానని రాయలేదు. నువ్వు అలా అనుకున్నావు, నేను సరిచెయ్యలేదు. అది నా తప్పు.

ఆ మెట్లు ఆ రోజే లెక్కపెట్టాను. నాలుగెక్కితే మూడు మిగిలాయి. ఐదేళ్ళుగా ఆ మూడూ ఎక్కుతూనే ఉన్నాను.

జనవరిలో నీ ఉత్తరం వచ్చిన మర్నాడు స్కూలు పెద్ద టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. "మేస్త్రి గారూ, చెక్క నేనివ్వలేను, చోటివ్వగలను" అంది. తర్వాత మూలన పడి ఉన్న పాత తలుపులు కూడా ఇచ్చింది. నిన్నటితో ర్యాంపు పూర్తయింది. కింద నుంచి పైదాకా ఎవరూ తొయ్యకుండా ఎక్కాను. రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది. పైన వరండాలో ఎవరూ లేరు. కాసేపు కూర్చుని దిగాను.

పూర్తయ్యాక నీకు రాద్దామనుకున్నాను. పూర్తికాని పని గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

పిట్టా, నువ్వు చుక్క పెట్టిన చోట నేను చదవను. ఇప్పుడైతే ఏ కాగితమైనా చదవగలను, కానీ అక్కడ చదవను. పదహారో ఏటి నుంచీ అంతే. అది నీకు తెలుసు.

ఆ గుర్తు తీసేయడం కుదురుతుందేమో కనుక్కో.

ఇంకొకటి. చూద్దాం అంటే లేదు అని కాదు. గుర్రం చేశాను. ఒక చెవి విరిగిందని ఇవ్వలేదు. పనిముట్ల పెట్టెలో అడుగున ఉంది.

అన్నయ్య


మార్చి 17

అన్నయ్యకి,

కుదరదు.

సెక్షన్ ఆఫీసర్ గారి దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళాను. ఆయన పై ఆఫీసుకి ఫోన్ చేశారు. వాళ్ళు ఇంకో ఆఫీసుకి చేయమన్నారు. జాబితా అచ్చయ్యాక గుర్తు తీయడానికి రూలు లేదట. ఒకే మనిషి ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి వేస్తారేమోనన్న భయంతో పెట్టిన రూలు. మా అన్నయ్య ఇంట్లో వేయలేదు సార్, పెట్టె ఖాళీగా వెనక్కి వచ్చింది, మీ మనుషుల్నే అడగండి అన్నాను. ఆయన "నాకు తెలుసమ్మా" అన్నారు. అంతే. గుమ్మం గురించి నాతో వాదించిన మనిషి, గెలిచానని కూడా అనలేదు. అనుంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

మూడు రోజులుగా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అన్నం కలుపుతూ మధ్యలో లేచిపోతున్నాను. నీమీద కోపం వస్తోంది, అది తిరిగి తిరిగి నామీదే పడుతోంది. ఐదేళ్ళ కిందటిది నాకెందుకు చెప్పలేదు? మెట్ల సంగతి రాసిన చేత్తో "ర్యాంపు కడుతున్నాను" అని రెండు ముక్కలు రాస్తే ఏం పోయేది? నేను మాత్రం ఏం చేశాను. నీ సంతకం నేనే పెట్టినంత పని చేశాను. నువ్వు చెప్పేదాకా నేను ఆగను, అయ్యేదాకా నువ్వు చెప్పవు. మనిద్దరి మధ్యా నీ ఓటు నలిగిపోయింది.

24న వెళ్ళకు అన్నయ్యా. పైదాకా వెళ్ళాక లేదు పొమ్మంటారు. మళ్ళీ లైన్లో అందరి ముందూ. నేను తట్టుకోలేను.

నీ పిట్ట


మార్చి 25

పిట్టకి,

వెళ్ళాను.

ఉదయం ఏడింటికి గేటు తీశారు. లైన్లో నాది తొమ్మిదో స్థానం. నా ముందున్న పాల డిపో మనిషి ర్యాంపు చూసి "మేస్త్రీ, కూలిపోదు కదా?" అన్నాడు. "నువ్వెక్కాక తెలుస్తుంది" అన్నాను. వాడు ఎక్కాడు. పైన రెండుసార్లు గెంతి చూశాడు. టీచరమ్మ కోప్పడింది.

నేను నెమ్మదిగా ఎక్కాను. మలుపు దగ్గర ఆగాను, అలసి కాదు, ఆగడానికి కట్టిన చోటు కాబట్టి. ఎవరూ తల తిప్పుకోలేదు. చూశారు.

లోపల బల్ల దగ్గర కుర్రవయసు ఆఫీసరు. నా పేరు వెతికాడు, వేలు ఆపాడు.

"పెద్దాయనా, మీ పేరు పక్కన గుర్తుందండీ. మీ ఇంటికే వచ్చారు కదా."

"వచ్చారు. నేను లేను."

"రెండుసార్లు వచ్చారని ఉందండీ."

"రెండుసార్లూ ఇక్కడే ఉన్నాను. మీరు పొద్దున పెట్టెలు దొర్లించుకుంటూ ఎక్కారే, ఆ బల్లలు కొడుతున్నాను."

అతను తల ఎత్తి తలుపు బయటికి చూశాడు. "ఇప్పుడు నేనేం చెయ్యలేనండీ" అన్నాడు.

"తెలుసు. మా చెల్లెలు చెప్పింది."

"మరి తెలిసీ ఎందుకొచ్చారండీ?"

"మీరు రోజంతా జరిగింది ఒక పుస్తకంలో రాస్తారటగా. నేను వచ్చానని రాయండి. ఎవరూ మోయకుండా వచ్చానని కూడా రాయండి."

వెనక లైన్లో ఎవరో "రాయండి సార్, మేమూ చూశాం" అన్నారు. ఇంకెవరో "ఆయనకి లేనప్పుడు మాకెందుకండీ" అని గొడవ మొదలుపెట్టబోతే నేనే ఆపాను. మీ ఓటు మీరు వేసుకోండి, దానికోసమే కదా బల్లలు కొట్టింది అన్నాను. పిట్టా, ఒక్క రోజులో అన్ని మాటలు మాట్లాడి చాలా ఏళ్ళయింది. గొంతు రాసుకుపోయింది.

ఇంటికి రాబుద్ధి కాలేదు. కొత్త బల్లలు ఎక్కడ కిర్రుమంటాయో చూడాలని సాయంత్రం దాకా మలుపు పక్కన కూర్చున్నాను. నా పుస్తకంలో రాసుకున్నది ఇది. ర్యాంపు ఎక్కినవాళ్ళు నూట పద్దెనిమిది. చేతికర్రలు ఇరవై ఆరు. పిల్లల బండ్లు నాలుగు. చక్రాల కుర్చీలు నాది కాక రెండు. ఆ రెండూ ఈ వీధివే. ఇన్నేళ్ళలో వాటిని నేనెప్పుడూ చూడలేదు. ఐదేళ్ళ కిందట నా కుర్చీ ఎడమ చక్రం పట్టుకున్న సైకిల్ షాపాయన మోకాలికి పట్టీ కట్టుకుని వచ్చాడు. "నాకోసమే కట్టావా మేస్త్రీ?" అన్నాడు. "అవును" అన్నాను. మూడో బల్ల, పదకొండో బల్ల కిర్రుమంటున్నాయి.

ఓటు వేయలేదు. అది బాధగానే ఉంది. బాధ లేదని రాస్తే మళ్ళీ ఐదేళ్ళ కిందటిలా అవుతుంది.

మీ ఆరేళ్ళ మంచం ఆవిడ వేసిందా?

అన్నయ్య


ఏప్రిల్ 6

అన్నయ్యకి,

వేసింది. తెర అక్కర్లేదు, మీరందరూ గోడవైపు తిరగండి చాలు అందట.

బూత్ పుస్తకాలన్నీ మా సెక్షన్‌కి వచ్చాయి. నీ స్కూలుది నా బల్ల మీదే పడింది. అందులో ఇలా ఉంది: "ఉదయం 7.40. ఒక ఓటరు తన చక్రాల కుర్చీలో, ఎవరి సాయమూ లేకుండా, తాను కట్టిన ర్యాంపు మీదుగా వచ్చారు. జాబితాలో గుర్తు ఉన్నందున ఓటు ఇవ్వలేకపోయాం. ఈ బూత్‌లో లోపాలు: పై విషయం తప్ప మరేమీ లేవు."

సెక్షన్ ఆఫీసర్ గారికి చూపించాను. రెండుసార్లు చదివారు. "పైకి ఒక లేఖ రాయమ్మా, నేను పంపుతాను" అన్నారు. రాశాను. ఇంటి దగ్గర ఓటూ ఉండాలి, ప్రతి బూత్‌కీ ర్యాంపూ ఉండాలి, ఏది కావాలో మనిషినే ఎంచుకోనివ్వాలి, పోలింగ్ రోజు దాకా మార్చుకోనివ్వాలి అని. ఇంత పోరాటమూ కలిపి ఒక్క పేజీ అయింది.

నేను ఇంకా సంతకం పెట్టలేదు. దీంతో పంపుతున్నాను. ముందు నువ్వు చదువు. మొత్తం. తప్పున్న చోట పెన్సిల్‌తో చుక్క పెట్టు.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. ర్యాంపు ఎక్కాలి. గుర్రం కూడా తీసి ఉంచు, చెవి లేకపోయినా సరే.

నీ పిట్ట


ఏప్రిల్ 10

పిట్టకి,

చదివాను. రెండుసార్లు.

మూడు చుక్కలు పెట్టాను. మొదటిది ర్యాంపు దగ్గర. మలుపులో ఐదడుగుల చదును అని రాయించమన్నాను, నువ్వు రాయలేదు. రెండోది రెండో పేరాలో. "నడవలేని వారి పేర్లు ఇంటి జాబితాలో నమోదు చేసి, ఆపై వారి ఇష్టం కనుక్కోవాలి" అని రాశావు. ముందు కనుక్కోవాలి, తర్వాత రాయాలి. నీ అలవాటు పోలేదు.

మూడో చుక్క చివర, కుడివైపు. అక్కడ తప్పేమీ లేదు. అక్కడ నీ సంతకం పెట్టు.

అన్నయ్య